పసిపిల్లల తిండి పాఠాలు – 4: ముద్ద ఎక్కడ ఆగుతోంది?

పోయిన పాఠంలో బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టిందో లేదో చూడటం నేర్చుకున్నాం. ఈసారి ఆర్నెల్లు దాటిన బిడ్డ గురించి. అన్నప్రాశన అయింది, ముద్ద మొదలైంది. వారం తిరక్కముందే ఇంట్లో ఒకటే మాట: "తినట్లేదు."

ఒడిశాలో పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ దాకా మన తెలుగు ఇళ్లలో ఈ మాట వినగానే దిష్టి తీస్తారు, లేదంటే మందుల షాపులో ఆకలి టానిక్ కొంటారు. కానీ "తినట్లేదు" అనేది జబ్బు పేరు కాదు. ఆకలి వేయడం, ముద్ద నోట్లోకి తీసుకోవడం, నోట్లో తిప్పడం, మింగడం, మింగింది కడుపులో నిలవడం, ఇన్ని పనులు వరసగా జరిగితేనే బిడ్డ తిన్నట్టు. వీటిలో ఏది ఆగిందో తెలియకుండా ఏం చేసినా గుడ్డిగా చేసినట్టే. అందుకే ఈ పాఠంలో ఒక్క పని నేర్చుకుందాం: ఒక పూట బిడ్డ తినడాన్ని పక్కన కూర్చుని, కల్పించుకోకుండా, చివరి దాకా చూడటం.

రోజూ ఎవరు తినిపిస్తారో వాళ్లనే తినిపించనివ్వండి. నానమ్మ అయితే నానమ్మే. ఫోన్లో పాటలు పెట్టే అలవాటుంటే ఈ ఒక్కసారికి అదీ ఉండనివ్వండి. రోజూ జరిగేదే మనం చూడాలి.

ముందు, గడిచిన రెండు గంటల్లో ఏం పెట్టారో అడగండి. టీలో ముంచిన బిస్కెట్, ప్యాకెట్ కుర్‌కురే లాంటివి లోపలికి వెళ్తే ఆకలి ఎక్కడిది? పైగా టీ వల్ల తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. రక్తం తక్కువైన పిల్లలకు ఆకలి ఇంకా మందగిస్తుంది.

ముద్దను నాలుకతో బయటికి తోసేస్తుంటే కంగారు పడొద్దు. ఆర్నెల్ల వయసులో చాలామంది అలాగే చేస్తారు. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది, పది సార్లు పెట్టాల్సి రావచ్చు. నిన్నటి దాకా తిని ఇవాళ నోరు తెరవకపోతే మాత్రం నోటి లోపల చూడండి. తెల్లటి పూతో, పుండ్లో ఉండొచ్చు. ఆశా దీదీకి, అంటే మీ ఊరి ఆశా కార్యకర్తకు చూపించండి.

మింగడం దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాలి. బిడ్డ ఓకరిస్తే మొహం ఎర్రబడుతుంది, చప్పుడు వస్తుంది, తనంతట తనే సర్దుకుంటుంది. అది ముద్ద ఊపిరి గొట్టంలోకి జారకుండా కాపాడుకునే పని. పొలమారడం వేరు. జావ తాగిన ప్రతిసారీ దగ్గు, ఆ తర్వాత గొంతులో గురగుర, కళ్లలో నీళ్లు, మధ్యమధ్య నిమోనియా ఉంటే, తిండి ఊపిరితిత్తుల వైపు పోతోందని అనుమానించాలి. ఇది ఇంట్లో సరిచేసేది కాదు. డాక్టరుకు "తినట్లేదు" అని కాకుండా "చోడి (రాగి) జావ తాగితే దగ్గుతుంది, అరటిపండు పెడితే దగ్గదు" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యం చాలా పనిచేస్తుంది. ఒడియాలో చెప్పడం రాకపోతే ఆశా దీదీని తోడు తీసుకెళ్లండి.

ముద్ద గొంతులో ఇరుక్కోవడం ఇంకా వేరు. చప్పుడు ఉండదు, ఏడుపు రాదు, పెదాలు నీలంగా మారతాయి. ఏడాది లోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పట్టుకుని, రెండు భుజాల మధ్య వీపు మీద ఐదుసార్లు గట్టిగా తట్టండి. బయటికి రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కండి. వచ్చేదాకా మార్చి మార్చి ఇదే చేయాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

మనవాళ్లలో ఒక పద్ధతి ఉంది: బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు నొక్కి, ఉగ్గుగిన్నెతో గొంతులో పోసేయడం. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ ఏడుస్తూ గాలి పీల్చుకునే బిడ్డ గొంతులో పోసింది ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. దయచేసి ఆపించండి. అత్తగారితో గొడవ పెట్టుకోకుండా, "అత్తయ్యా, ఇవాళ కూర్చోబెట్టి చూద్దాం" అనండి. ఉగ్గుగిన్నె తప్పు కాదు. రొమ్ము పట్టలేని పసికందుకు తల్లిపాలు పిండి పట్టడానికి అది మంచి సాధనం. తల ఎత్తి పట్టుకుని, గిన్నె ముక్కు కింది పెదవి మీద ఆనించి, ఒక గుటక మింగాక ఇంకో గుటక ఇవ్వాలి.

ఇక చిక్కదనం. చెంచా వంచితే జావ నీళ్లలా కారిపోకూడదు, కాసేపు నిలవాలి. పల్చటి అంబలితో కడుపు నిండుతుంది గానీ బలం రాదు. చోడిపిండి గానీ, అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి గానీ చిక్కగా ఉడికించి ఒక చెంచా నూనె కలపండి. ఆరో నెల నిండగానే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిదో నెలకు అరకప్పు దాకా, రోజుకు రెండు మూడు పూటలు పెట్టాలి. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటలు. తల్లిపాలు కొనసాగాలి. ఏడాది లోపు తేనె నాకించొద్దు. జబ్బు చేసి లేచిన బిడ్డకు రెండు వారాలు ఒక పూట ఎక్కువ పెట్టండి.

పాలు కూడా తాగలేకపోయినా, తాగిందంతా కక్కేసినా, ఫిట్స్ వచ్చినా, లేపినా మత్తుగా ఉన్నా రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు నెలలు దాటి ఏడాది లోపున్న బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది దాటిన బిడ్డ 40 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీసినా అంతే. పాలు తాగుతూ చెమటలు పట్టి అలసిపోయే బిడ్డకు గుండె పరీక్ష చేయించాలి. ఆర్నెల్లు దాటిన పిల్లల దండచేయి (భుజానికీ మోచేతికీ మధ్య) చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా, రెండు పాదాలూ వాచి నొక్కితే గుంట పడుతున్నా, అది తీవ్రమైన పోషకాహార లోపం. అంగన్‌వాడీ దీదీని అడిగి వెంటనే పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకెళ్లండి.

ఈ వారం అభ్యాసం: ఒకే బిడ్డను మూడు పూటలు చూడండి. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఎన్ని చెంచాలు లోపలికి వెళ్లాయి, దగ్గు ఎప్పుడొచ్చింది, తల ఎప్పుడు తిప్పేసింది, ఇవి నోటుపుస్తకంలో రాయండి. మూడు పూటలూ అరగంట దాటితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. అయిదో పాఠంలో, తల తిప్పేసిన బిడ్డతో ఏం చేయాలో ఈ నోట్సు చూసుకుంటూనే మొదలుపెడదాం.