ఫ్లట్టర్ యాప్‌బార్‌లో ఏ బటన్ దాచాలి, ఏది మసకబార్చాలి

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టుకి ఫ్లట్టర్‌లో (యాప్‌లు రాసే గూగుల్ టూల్‌కిట్) బిల్లుల యాప్ రాస్తున్నారనుకోండి. స్క్రీన్ పైన ఉండే పట్టీ, అంటే యాప్‌బార్‌లో కుడివైపు మూడు బటన్లు: షేర్, డిలీట్, సేవ్. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్నో, తూకమెంతో, క్వింటా రేటెంతో గుమాస్తా ఎక్కించేదాకా సేవ్‌తో పనిలేదు. సేవ్ కాని బిల్లుకి మిగతా రెండూ దండగే.

సేవ్‌ని దాచకండి. దాచితే ‘సేవ్ ఏదండీ?’ అని ఫోన్లు మొదలవుతాయి. నొక్కితే ఏం జరగాలో చెప్పే ఆన్‌ప్రెస్డ్‌కి నల్ (ఏమీ లేదు) ఇస్తే బటన్ మసకబారి అక్కడే ఉంటుంది. షేర్, డిలీట్‌లను మాత్రం యాక్షన్స్ (కుడివైపు బటన్ల) లిస్టులోనే ‘ఇఫ్’ పెట్టి తీసేయండి, ఫ్లట్టర్ వాడే భాష డార్ట్‌లో 2.3 వెర్షన్ నుంచి లిస్టులోపలే ఇఫ్ రాయొచ్చు. సేవ్‌ని లిస్టులో చివర పెట్టండి. యాక్షన్స్ కుడి అంచుకి ఆనుకుని ఉంటాయి కాబట్టి మిగతావి వచ్చినా పోయినా సేవ్ కదలదు, వేలు తప్పదు.

కొందరు ఒపాసిటీ (ఎంత చిక్కగా కనపడాలన్నది) 0 చేసి దాచామనుకుంటారు. బటన్ కనపడదుగానీ నొక్కితే పనిచేస్తుంది. డిలీట్‌కి ఇలా చేస్తే కొంప మునిగినట్టే. చోటు అలాగే ఉంచి దాచాలంటే విజిబిలిటీ అనే విడ్జెట్‌లో (స్క్రీన్‌ని కట్టే ముక్క) మెయింటెయిన్‌సైజ్ ట్రూ చేయండి. దాంతోపాటు మెయింటెయిన్‌స్టేట్, మెయింటెయిన్‌యానిమేషన్ కూడా ట్రూ కాకపోతే అసర్షన్ ఎర్రర్ వస్తుంది.

బటన్ చూపాలా వద్దా అని చెప్పే బూలియన్ (ట్రూ/ఫాల్స్ విలువ) మారినా బటన్ మారలేదా? స్క్రీన్‌ని మళ్లీ గీయమని చెప్పే సెట్‌స్టేట్ పిలవలేదన్నమాట. టైప్ చేస్తుండగానే మారాలంటే టెక్స్ట్ కంట్రోలర్‌కి లిజనర్ (మార్పు రాగానే నడిచే ఫంక్షన్) తగిలించి, అందులో సెట్‌స్టేట్ పిలవండి. సర్వర్ జవాబు కోసం అవెయిట్ చేశాక (ఆగాక) మారుస్తుంటే ముందు మౌంటెడ్, అంటే ఆ పేజీ ఇంకా ఉందా అన్నది, చూసుకోండి. ఈలోపు గుమాస్తా వెనక్కి వెళ్లిపోయి ఉంటే సెట్‌స్టేట్ ఎర్రర్ కొడుతుంది.

ఎడమవైపు బాణం సంగతి వేరు. లీడింగ్ (ఎడమవైపు బటన్) ఇవ్వకపోయినా, వెనక్కి వెళ్లే వీలుంటే ఫ్లట్టరే దాన్ని పెడుతుంది. ఆటోమేటికల్లీఇంప్లైలీడింగ్ ఫాల్స్ చేస్తే పోతుంది, ఆ చోటు టైటిల్‌కి దక్కుతుంది. కానీ తలుపుకి పరదా వేస్తే గడియ పెట్టినట్టు కాదు: ఆండ్రాయిడ్ బ్యాక్, ఐఫోన్‌లో ఎడమ అంచు నుంచి లాగడం పనిచేస్తూనే ఉంటాయి. సగం రాసిన బిల్లు పోకూడదంటే పేజీని పాప్‌స్కోప్ (వెనక్కి వెళ్లడాన్ని అదుపు చేసే విడ్జెట్)లో చుట్టి కాన్‌పాప్ ఫాల్స్ చేయండి. పాత విల్‌పాప్‌స్కోప్ వాడకండి, దాన్ని డెప్రికేట్ చేశారు (ఇక వాడొద్దన్నారు).

డిలీట్ యజమానికే కనపడాలంటే స్క్రీన్ మీద దాచడం చాలదు. రిక్వెస్ట్ పంపింది యజమానో కాదో సర్వర్ కూడా చూడాలి.