రోజూ ఒక ఇంగ్లిష్ మాట – 9వ పాఠం: అన్‌మెట్

పోయిన పాఠంలో ‘మీట్’ అంటే కలవడమే కాదు, అవసరం తీర్చడం కూడా అని చూశాం. దాని మూడో రూపం ‘మెట్’. ముందు ‘అన్’ చేరితే అన్‌మెట్, అంటే తీరకుండా మిగిలిపోయిన. పలికేటప్పుడు ‘మెట్’ను నొక్కి పలకాలి.

కిందటి వారం పలాస వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి వాళ్ల నాన్న పెట్టాల్సిన అర్జీని ఇంగ్లిష్‌లో రాసి తెచ్చింది. వాళ్లది వంశధార ఎడమ కాలువ శివారు ఊరు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీలో వదిలిన నీళ్లు 100 కిలోమీటర్లకు పైగా పారితే గానీ ఆ చివరికి చేరవు. ‘అవర్ ఫీల్డ్స్ ఆర్ అన్‌మెట్’ అని రాసింది. మాట సరైనదే, తగిలించిన చోటు తప్పు. అన్‌మెట్ అయ్యేది పొలం కాదు, పొలానికి కావాల్సిన నీటి అవసరం. అవసరం ఉన్న మనిషికి గానీ, ఊరికి గానీ ఈ మాట పెట్టకూడదు. ‘అవర్ నీడ్ ఫర్ వాటర్ రిమెయిన్స్ అన్‌మెట్’ అని దిద్దాం. ఆ అమ్మాయి దాన్ని రెండుసార్లు పైకి చదివి, ‘ఇప్పుడు మా నాన్న చెప్పినట్టే ఉంది సార్’ అంది. నాకు చాలా సంతోషమేసింది.

నీడ్, డిమాండ్, ఎక్స్‌పెక్టేషన్, టార్గెట్ – వీటికి అన్‌మెట్ చక్కగా కుదురుతుంది. కల, కోరిక లాంటివాటికి మాత్రం ‘అన్‌ఫుల్‌ఫిల్డ్’ అనడమే అందం. ‘దే అన్‌మెట్ అవర్ నీడ్స్’ అని ఎప్పుడూ రాయకండి, అన్‌మెట్ క్రియ కాదు. ‘డిడ్ నాట్ మీట్’ అనాలి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ‘తీరని’ దగ్గర. తీరని అవసరం అన్‌మెట్టే. కానీ ‘ఆయన మరణం తీరని లోటు’లోని తీరని వేరు. అది ఎవరూ పూడ్చలేనిది. అన్‌మెట్ అన్నప్పుడు ఎవరో ఒకరు తీర్చగలిగేదే, ఇంకా తీర్చలేదు అన్న ధ్వని ఉంటుంది. అర్జీలో ఈ మాటకు బలం అక్కడే ఉంది.

గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ‘అన్‌మెట్ నీడ్ ఫర్ ఫ్యామిలీ ప్లానింగ్’ తరచూ ఎదురవుతుంది. ఇప్పుడప్పుడే బిడ్డ వద్దనుకున్నా, ఇక పిల్లలే వద్దనుకున్నా, ఏ గర్భనిరోధక పద్ధతీ వాడని స్త్రీలను ఇందులో లెక్కిస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద పెళ్లైన స్త్రీలలో ఇది 9.4 శాతం.

ఇక అభ్యాసం. ‘బొబ్బిలి వీణ కొనుక్కోవాలన్న అక్క కోరిక తీరలేదు.’ ‘2018లో తిత్లీ తుఫాను తర్వాత మా ఊరికి మంచినీళ్ల అవసరం వారం దాకా తీరలేదు.’ ఈ రెండింటిలో అన్‌మెట్ ఎక్కడ పడుతుందో చూసి, ఆ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాయండి. జవాబు 10వ పాఠం మొదట్లో.