చౌక నగరంలో అద్దెకివ్వడానికి తొలి ఇల్లు కొనేవారికి జాగ్రత్తలు

పెద్ద నగరాల్లో ఇళ్ల ధరలు అందనంత ఎత్తుకు పోయినప్పుడు, కొంత పొదుపు కూడబెట్టుకున్నవారి చూపు ఇళ్లు చౌకగా దొరికే నగరాల మీదికి మళ్లడం సహజమే. చేతిలో ఉన్న సొమ్ముకు అక్కడ ఒక ఇల్లు వస్తుంది, దానిని అద్దెకిస్తే నెలనెలా ఆదాయం వస్తుంది అన్న ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే ధర తక్కువైతే పెట్టవలసిన మొత్తం తగ్గుతుందే తప్ప నష్టభయం తగ్గదు. అందువల్ల ఇల్లు చూడటానికి బయలుదేరక ముందే, ఆ ఊళ్లో ఇళ్లు ఎందుకు చౌకగా ఉన్నాయో తేల్చుకోవాలి.

దీనికి ప్రధానంగా రెండు కారణాలు కనబడతాయి. చుట్టూ ఖాళీ భూమి విస్తారంగా ఉండి, నిర్మాణ అనుమతులు సులువుగా దొరికే ఊళ్లో గిరాకీ పెరిగినకొద్దీ కొత్త ఇళ్లు లేస్తూనే ఉంటాయి కాబట్టి ధరలు నింపాదిగా కదులుతాయి. అక్కడ అద్దె నిలకడగా రావచ్చు గానీ, నాలుగేళ్లలో ధర రెట్టింపవుతుందని ఆశపడటం అమాయకత్వం. రెండోది, పనులు పోయి జనం వలస వెళ్లిపోతున్న ఊరు. పైపైన చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా ధరలు అద్దెల కంటే ముందుగా పడిపోయిన చోట, ధరతో పోల్చిన అద్దె ఈ రెండో ఊళ్లోనే ఎక్కువ ఆకర్షణీయంగా ఉంటుంది.

కార్ల పరిశ్రమకు పేరుమోసిన అమెరికా నగరం డెట్రాయిట్‌లో 1950లో సుమారు 18.5 లక్షల జనాభా ఉండగా, 2020 నాటికి అది దాదాపు 6.4 లక్షలకు పడిపోయింది. 2013లో నగరపాలక సంస్థే దివాలా పిటిషను వేసింది. జపాన్‌లో 2023లో జరిపిన గృహ సర్వేలో దాదాపు 90 లక్షల ఇళ్లు, అంటే మొత్తంలో 13.8 శాతం, ఖాళీగా ఉన్నట్లు తేలింది. జనం తరిగిపోతున్న చోట ఇల్లు దొరకడం తేలిక, అందులో దిగే మనిషి దొరకడమే కష్టం. కాబట్టి గత పది పదిహేనేళ్ల జనాభా లెక్కలు ఎటు పోతున్నాయో, ఊరికి జీతాలిచ్చే సంస్థలు ఎన్ని ఉన్నాయో, ఒకే కర్మాగారం మీదో ఒకే గని మీదో ఊరంతా ఆధారపడి ఉందో ముందుగా తెలుసుకోవాలి. ఆ తరువాత కొనదలచిన వీధిలో కాలినడకన తిరిగి, టు-లెట్ బోర్డులున్న ఇళ్లను రాసుకుని, నెల గడిచాక మళ్లీ వెళ్లి చూడాలి. అవే గుమ్మాలకు అవే బోర్డులు వేలాడుతూ ఉంటే, దళారి చెప్పిన అద్దెను నమ్మవలసిన పనిలేదు.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. ఇంటి ధర 100 అనుకుందాం, ఏడాది అద్దె 9 వస్తుందని చెప్పారనుకుందాం. ఏడాదికి ఒక్క నెల ఖాళీగా ఉంటే అందులో పన్నెండో వంతు పోతుంది. ఆ నష్టానికి ఆస్తి పన్ను, బీమా, మరమ్మతులు, అద్దె వసూలు చేసి ఇల్లు చూసుకునేవారికి ఇచ్చే రుసుము కలిపి వేసుకుంటే, పాత ఇళ్ల విషయంలో అద్దెలో సగం ఖర్చులకే పోతుందని అనుకుని దిగడం క్షేమం. మిగిలేది 4.5. ఇప్పుడు ధరలో 80 వంతులు 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల అప్పుగా తెచ్చారనుకుంటే, ఏడాది వాయిదాలే సుమారు 8.6 అవుతాయి, అంటే ప్రతి ఏడూ జేబులోంచి నాలుగుకు పైగా కట్టుకుంటూ పోవాలి. అదే అప్పు 40కి పరిమితమైతే వాయిదాలు 4.3కు దిగి, ఇల్లు తన భారాన్ని తానే మోస్తుంది. మారే వడ్డీ మీద తెచ్చిన అప్పయితే, వడ్డీ మరో రెండు శాతం పెరిగినా తట్టుకోగలమా అన్నది కూడా సంతకానికి ముందే చూసుకోవాలి. ఎనభై వంతులు అప్పు చేసినవారికి ధర పది శాతం పడితే పోయేది పది శాతం కాదు, సొంతంగా పెట్టిన సొమ్ములో సగం.

చౌక ఇళ్లలో కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది మరమ్మతుల దగ్గర. ఇల్లు సగం ధరకు దొరికినంత మాత్రాన పైకప్పు సగం ధరకు రాదు. సిమెంటు, పైపులు, వైర్లు, నీళ్ల మోటారు అన్ని ఊళ్లలోనూ ఇంచుమించు ఒకే ధర. కూలి కొంత తగ్గవచ్చు. ఖరీదైన ఊళ్లో రెండు నెలల అద్దెతో తీరిపోయే మరమ్మతు, చౌక ఊళ్లో ఏడాది అద్దెను మింగవచ్చు. ఇంటి మీద పెట్టే ఖర్చును ధరలో శాతంగా అంచనా వేసే అలవాటు ఇక్కడ పూర్తిగా దారి తప్పిస్తుంది. మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను, ప్లంబరును తీసుకువెళ్లి వస్తువారీగా అంచనా రాయించుకోవాలి.

ఇల్లు చూడటానికి వానాకాలానికి మించిన అదను లేదు. ఇల్లంతటిలో ఒక్క గదికే కొత్త రంగు వేసి ఉంటే ఆ గదిలోనే ఎక్కువసేపు గడపాలి. గోడ అడుగున తెల్లగా ఉప్పు పొర తేలినా, వేలితో నొక్కితే పెచ్చులు రాలినా చెమ్మ లోపలికి పాకిందని అర్థం. సన్నటి వెంట్రుక బీటలకు భయపడనక్కరలేదు; కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోతూ వెడల్పయ్యే బీటలు, ఇటుకల మధ్య మెట్లమెట్లుగా దిగే బీటలు మాత్రం పునాది కుంగినందుకు గుర్తు కావచ్చు కనుక నిర్మాణ ఇంజనీరు చూడకుండా బేరానికి కూర్చోకూడదు. అన్ని కుళాయిలూ ఒకేసారి విప్పి నీరు ఎంత వేగంగా వస్తుందో, ఎంత వేగంగా పోతుందో చూడాలి. రాత్రివేళ ఆ వీధికి ఒకసారి వెళ్లిరావడం కూడా అవసరమే.

పత్రాల పరిశీలనకు అమ్మేవారు చూపించిన న్యాయవాది పనికిరాడు. రుసుము ఇచ్చి సొంత న్యాయవాదిని పెట్టుకోవాలి. హక్కు ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో సంతకం చేయని వారసులు ఉన్నారా, ఆస్తి తాకట్టులో ఉందా, పన్ను, నీరు, కరెంటు బకాయిలు ఉన్నాయా, కట్టిన అంతస్తులన్నిటికీ అనుమతి ఉందా అన్నవి లిఖితంగా తేలాలి. అద్దెకున్నవారితో సహా అమ్ముతున్న ఇల్లయితే అద్దె ఒప్పందాన్నీ, అద్దె జమ అయినట్లు చూపే బ్యాంకు లెక్కలనూ అడగాలి, వీలైతే అద్దెదారుతో స్వయంగా మాట్లాడాలి. వారు కట్టిన అడ్వాన్సు ఎవరి దగ్గర ఉంది, తిరిగి ఇవ్వవలసింది ఎవరు అన్నది మరిచిపోతే ఆ భారం కొన్నవారి నెత్తిన పడే ప్రమాదం ఉంది.

సాయంత్రంలోగా బయానా ఇవ్వకపోతే వేరేవారు ఎగరేసుకుపోతారని తొందరపెడితే పోనివ్వడమే మంచిది. రెండేళ్ల పాటు అద్దెకు హామీ ఇస్తామనే పథకాల్లో, ఆ అద్దెను ముందే ఇంటి ధరలో కలిపి, మీ డబ్బునే మీకు విడతలుగా తిరిగి ఇచ్చే పద్ధతి ఉండవచ్చు. గడువు తీరాక నిజమైన అద్దె ఎంతో అప్పుడు తెలుస్తుంది. అదే వీధిలో హామీ లేని ఇంటి అద్దెతో, ధరతో పోల్చుకుంటే ఈ కిటుకు బయటపడుతుంది.

దూరాన ఉండి కొనేవారు ఇల్లు చూసుకునే మనిషిని ఇంటికంటే ముందుగా వెతుక్కోవాలి. ఎంత ఖర్చు వరకు అడగకుండా చేయించవచ్చు, బిల్లులూ ఫొటోలూ ఎప్పుడు పంపాలి అన్నవి ఒప్పందంలో ఉండాలి. అద్దెదారును ఖాళీ చేయించడానికి ఆ ప్రాంతపు చట్టం ఎంత గడువు ఇస్తుందో కూడా కొనకముందే తెలుసుకోవాలి.

కొన్న తరువాత కనీసం ఆరు నెలల వాయిదాలకూ ఖర్చులకూ సరిపడే సొమ్ము విడిగా ఉండాలి. అది మిగలకపోతే ఆ ఇల్లు మన స్తోమతకు మించినదే. చౌక నగరాల్లో కొనుగోలుదారులు తక్కువ కనుక అమ్మాలనుకున్నప్పుడు నెలలు పట్టవచ్చు, రిజిస్ట్రేషన్ ఖర్చులూ కమీషన్లూ వెనక్కి రావు. అయిదేళ్లలోపు అవసరపడే డబ్బును ఇందులో పెట్టకూడదు. చాలా బీమా పాలసీల్లో ఇల్లు నిర్ణీత కాలానికి మించి ఖాళీగా ఉంటే రక్షణ తగ్గిపోతుంది లేదా రద్దవుతుంది, కాబట్టి ఆ గడువు ఎన్ని రోజులో పాలసీ పత్రంలో చదివి పెట్టుకుని, అద్దెదారు ఖాళీ చేసిన వెంటనే బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి.