ఎయిర్ రైఫిల్‌కు సరైన పెల్లెట్లు ఏరుకోవడం ఎలా?

పలాసలో జీడిపప్పు ఏరడం చూసినవారికి ఈ పని సగం వచ్చినట్టే. గుండు ఒక కుప్ప, బద్ద ఒక కుప్ప. గుండులోనూ 240, 320 అంటూ మళ్లీ తరగతులు. పది మీటర్ల దూరం నుంచి కాల్చే ఎయిర్ రైఫిల్ పెల్లెట్లనూ, అంటే చిన్న సీసపు గుళ్లనూ, అలాగే ఏరాలి. కాకపోతే ఇక్కడ తేడా మిల్లీమీటరులో వందో వంతు.

అంత పట్టింపు దేనికంటారా? లక్ష్యం నడుమ ఉండే పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. పెల్లెట్ తల బ్యారెల్ లోపలి గాడులను పట్టుకుని తిరుగుతుంది. వెనుక గంట మూతిలా విచ్చుకున్న పల్చని అంచు గాలి జారిపోకుండా ఆపుతుంది. ఈ పట్టు ఒక్కో పెల్లెట్‌కు ఒక్కోలా ఉంటే వేగమూ ఒక్కోలా ఉంటుంది.

ముందుగా పళ్లెంలో తెల్లకాగితం పరచి, పెల్లెట్లను కొద్దికొద్దిగా తీసి పెట్టండి. డబ్బాను ఒక్కసారిగా కుమ్మరిస్తే మెత్తని సీసం సొట్టపోతుంది. ఒక్కొక్కటే వేలితో దొర్లించండి. మంచిది వంపు తిరుగుతూ సాఫీగా దొర్లుతుంది, సొట్టది తడబడుతుంది. తెల్లని పొడి పట్టినవీ తీసేయండి. మూత వదులైన డబ్బాకు మన తీరపు తేమలో అది మామూలే.

తర్వాత తల కొలత. డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని మిల్లీమీటర్లలో ఉంటుంది. వీటిలో మీకేది నప్పుతుందో దుకాణదారు చెప్పలేడు, మీ బ్యారెలే చెప్పాలి. విజయనగరంలో మా పెరట్లో కొబ్బరి చెట్టు నుంచి గోడ దాకా సరిగ్గా పది మీటర్లు. గోడ ముందు సీసాన్ని పట్టే ఇనుప పెట్టె, కాల్చేవారికి కళ్లద్దాలు తప్పనిసరి. చెట్టు మీది పిట్టల జోలికి మాత్రం పోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కో కొలతలో పదేసి కాల్చండి. కొలత మార్చినప్పుడల్లా మొదటి నాలుగైదు లెక్కలోకి రావు. బాగా ఎడంగా పడిన రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 తీసేయండి. 7.5 వస్తే మిగిలేది 3 మి.మీ. ఈ అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. మరో రోజు మళ్లీ కాల్చి చూసే దాకా తీర్పు ఇవ్వకండి. రంధ్రాలు దగ్గరగా పడిన ఒక్క మంచి గుంపును నమ్మి ఆరు డబ్బాలు కొన్నాను. మూడు ఇంకా అలమరలోనే ఉన్నాయి.

పెల్లెట్‌ను బ్యారెల్‌లోకి తోసేటప్పుడు బొటనవేలికి ప్రతిసారీ ఒకే బిగువు తెలియాలి. దానంతటది జారిపోయినా, బలవంతంగా నెట్టాల్సి వచ్చినా పక్కన పెట్టండి. గోరుతో నొక్కకండి, అంచు చెడుతుంది.

తూకం వేయాలా? అర గ్రాము సీసం కోసం బంగారం తూచే త్రాసు కొన్నవారిని చూశాను. నేను మానేశాను. ఆ గంట గురి సాధనకు పనికొస్తుంది.

పని అయ్యాక డబ్బా మూత బిగించి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోండి. టీ గ్లాసు ఆ తర్వాతే.