హాల్ గోడకి చెమ్మా? ముందు బాత్రూమ్ చూడండి

కొత్తింట్లో చేరి ఏడాది తిరక్కుండానే హాల్ గోడ ఉబ్బి, పుట్టీ పెచ్చులుగా రాలింది. పెయింటర్ ఇంకో కోటింగ్ చాలన్నాడు, నేను ఒప్పుకోలేదు, గోడకి అటువైపు ఉన్నది బాత్రూమ్ మరి. మేస్త్రీ గారు చూసి, నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేలమీది నీళ్లు బయటికి పోయే జాలీ) చుట్టూ, టైల్స్ సందుల్లో సిమెంట్ ఊడిపోయి నీళ్లు గోడలోకి దిగుతున్నాయన్నారు. అదంతా గీకించి ఎపాక్సీ గ్రౌట్ (సందులు పూడ్చే రెజిన్ పేస్టు) పెట్టించాం, వైట్ సిమెంట్ కన్నా ఖరీదే కానీ నీళ్లు పీల్చదు. హాల్ వైపు పుట్టీ మొత్తం తీసేసి ఆరబెట్టాం.

ఇక్కడ మాత్రం తొందరపడకండి! పాలిథిన్ కవర్ నాలుగువైపులా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి, లోపల తడి పట్టిందంటే గోడ ఇంకా ఆరనట్టే. పొడిగా ఉంటేనే పుట్టీ, ప్రైమర్, రంగు.

ఇప్పుడు కడుతున్నవాళ్లైతే టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ట్రాప్ మూసి, ఒకట్రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి.