పార్కిన్సన్స్‌లో అడుగు పడకపోతే: ముందు మందుల డబ్బా తెరవండి

పార్కిన్సన్స్ అంటే కదలికలను దెబ్బతీసే మెదడు వ్యాధి. ఫిజియోథెరపీకి వచ్చే పార్కిన్సన్స్ కుటుంబాల్లో చాలామంది మొదటి మాట ఒకటే: "కాళ్లలో బలం పోయిందండీ, బలానికి ఏదైనా వ్యాయామం చెప్పండి." ఆ మనిషిని మంచం మీద పడుకోబెట్టి, పాదంతో నా చేతిని నెట్టమంటాను. చాలాసార్లు వెనక్కి జరగాల్సింది నేనే. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు 58 ఏళ్ల రోగి వీడియో ఒకటి ప్రచురించారు. నాలుగు అడుగులు వేయలేని ఆ మనిషి సైకిలెక్కి వీధంతా తిరిగి వచ్చాడు. బలం ఉంది. దాన్ని ఏ క్షణంలో వాడాలో మెదడు చెప్పడంలోనే తేడా వస్తోంది.

కర్ర, జారని చెప్పులు, బాత్రూంలో కడ్డీ మీకు తెలిసిన సంగతులే. వాటి జోలికి వెళ్లను.

గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోతున్నాయి

ఆగిపోయినప్పుడు మోకాళ్లను గమనించండి. అవి ఊరుకోవు, సన్నగా వణుకుతుంటాయి. సెకనుకు 3 నుంచి 8 సార్లు ఉండే వణుకు అది. మామూలు నడకలో పిక్క కండరం నేలను తన్నుతుంది, ఆ వెంటనే మోకాలి కింద ముందువైపు ఉండే కండరం పాదం ముందుభాగాన్ని పైకి లేపుతుంది. ఒకదాని తర్వాత ఒకటి, తాళం తప్పకుండా. కండరాల మీద ఎలక్ట్రోడ్లు అంటించి చూస్తే, కాళ్లు ఆగిపోయే ముందు అడుగుల్లో ఈ రెండూ వేళకు ముందే మొదలై, ముందే ఆగిపోతుంటాయి. అడుగు సగంలో చచ్చిపోతుంది.

అలవాటైన నడకను లోపలి నుంచి నడిపించేది మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగం. మెదడులో సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనం ఈ వ్యాధిలో తగ్గిపోతుంది, అది తగ్గితే ముందు దెబ్బతినేది ఆ దారే. కళ్లతో చూసి అడుగు వేయడానికి మెదడులో వేరే దారి ఉంది, అది చాలాకాలం పనిచేస్తుంది. గుమ్మానికి అడ్డంగా రంగు టేపు అంటించమనేది అందుకే. గీతకూ గీతకూ మధ్య ఒక మామూలు అడుగంత దూరం ఉంచండి. నిలువు గీతలు వేసి పనిచేయలేదని చెప్పేవాళ్లు ప్రతి నెలా ఒకరైనా తగులుతారు. ఇది కొత్త చిట్కా కూడా కాదు, లండన్ న్యూరాలజిస్టు జేమ్స్ పర్డన్ మార్టిన్ 1967 నాటికే అడ్డగీతల ప్రభావం గురించి రాశారు. నా దగ్గరకు వచ్చే ఒక పెద్దావిడ హాల్లోని నున్నటి టైల్స్ మీద ఆగిపోతారు గానీ, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడపను మాత్రం ఠక్కున దాటేస్తారు.

ఆగిపోయిన మనిషి చెయ్యి పట్టి లాగకండి. ఒళ్లు ముందుకు వస్తుంది, పాదాలు రావు, పడతారు. నిటారుగా నిలబడమని చెప్పి, బరువును ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు రెండుసార్లు మార్పించి, ఆ తర్వాత ఒక పెద్ద అడుగు వేయించండి. వెనక్కి తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా కాస్త చుట్టు తిరిగి రావాలి. నడుస్తున్నంతసేపు ఎవరూ పలకరించకూడదు, ఫోను అసలే వద్దు. లోపలి దారి చేయలేని పనిని శ్రద్ధ పెట్టి నెట్టుకొస్తున్న మనిషికి మాటల కోసం మిగిలే శ్రద్ధ ఉండదు.

పొద్దున బాగా నడుస్తారు, పదకొండుకల్లా కదలలేరు

గడియారం చూడండి. అందరూ దాటేసే తనిఖీ ఇదే. మాత్ర వేసిన వేళ ఒక గడిలో, కాళ్లు ఆగిన వేళ ఇంకో గడిలో వారం రోజులు రాయండి. ఆ మాత్రలోని అసలు మందు లెవోడోపా, మెదడులో డోపమైన్‌గా మారేది. అది రక్తంలో గంటన్నరకే సగానికి పడిపోతుంది. వ్యాధి ముదిరిన కొద్దీ ఒక మాత్రకూ ఇంకో మాత్రకూ మధ్య మందు పనిచేయని ఖాళీ పడుతుంది. మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చినవారిలో రికార్డు చేస్తే ఆ ఖాళీ కనిపిస్తుంది కూడా: సెకనుకు 13 నుంచి 30 సార్లు కొట్టుకునే, బీటా అనే మెదడు విద్యుత్ లయ మందు లేనప్పుడు పెరిగి కదలికను బిగబడుతుంది, మందు ఎక్కగానే తగ్గుతుంది. ఆ కాగితం చూపిస్తే డాక్టరు వేళలు మారుస్తారు. కాగితం లేకుండా "అప్పుడప్పుడూ ఆగిపోతున్నారు" అంటే ఆయన మాత్రం ఏమి చేయగలరు?

మాత్రను పెసరట్టుతోనో గుడ్డుతోనో మింగుతుంటే అది కూడా రాయండి. మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలూ లెవోడోపా పేగులో, మెదడు గుమ్మంలో ఒకే వాహనం కోసం పోటీ పడతాయి. భోజనానికి అరగంట ముందు లేదా గంట తర్వాత వేసుకుంటే చాలామందికి ఈ గొడవ తీరుతుంది. ఐరన్ మాత్రకూ దీనికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచాలి.

వేళ తప్పకుండా మందు వేస్తున్నా రెండు మూడు నెలల్లో నడక దిగజారింది

ఇక్కడే నేను దెబ్బతిన్నాను.

ఒక రిటైరైన లెక్కల మాస్టారు. హాలు నుంచి గేటు దాకా ఎవరి సాయమూ లేకుండా నడిచే మనిషి, మూడు నెలల్లో వంటింటి దాకా రావడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నేను వ్యాయామాలు పెంచాను. డాక్టరు లెవోడోపా పెంచారు. ఫలితం లేదు. అంతకుముందు ఆయనకు కుడివైపే ఎక్కువ బిగువు, ఇప్పుడు రెండు వైపులా ఒకేలా ఉంది. పెదవి కూడా అదురుతోంది. వ్యాధి ముదిరిందని నేనూ నోట్సులో రాసుకున్నాను.

ఒకరోజు వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన భోజనానికి కూర్చోబోతున్నారు. వాళ్లావిడ వంటింటి అలమారలో ఇంగువ డబ్బా పక్కనుంచి ఒక స్ట్రిప్ తీసి, అందులోంచి ఒక క్యాప్సూల్ ఆయన చేతిలో పెట్టారు. "అదేమిటమ్మా, మందుల చీటీలో లేదే?" అని అడిగాను. "ఇది మందు కాదండీ, గ్యాస్ బిళ్ల" అన్నారు.

స్ట్రిప్ వెనక్కి తిప్పాను. పొట్టలో ఆమ్లం తగ్గించే రాబెప్రజోల్ పక్కన చీమ తలంత అక్షరాల్లో లెవోసల్పిరైడ్, 75 మిల్లీగ్రాములు. ఎవరో పది రోజులకు రాసిచ్చారు, మందుల షాపు నాలుగు నెలలుగా ఇస్తూనే ఉంది.

లెవోసల్పిరైడ్ పొట్టను కదిలించేది ముఖ్యంగా డోపమైన్ గ్రాహకాలను, అంటే డోపమైన్ వచ్చి పట్టుకునే తాళాల్లాంటి చోట్లను, అడ్డుకోవడం వల్ల. కానీ అది పొట్ట దగ్గరే ఆగదు, మెదడులోకీ వెళ్లి అక్కడి గ్రాహకాలనూ మూసేస్తుంది. తాళంలో వేరే చెవి ఇరుక్కుని ఉంటే, అసలు తాళంచెవులు ఎన్ని తెచ్చి ఏమి లాభం? పార్కిన్సన్స్ లేనివారికి కూడా ఈ మందు పార్కిన్సన్స్ లక్షణాలు తెప్పించగలదు. పైగా ఈ వ్యాధిలో పొట్ట ఖాళీ కావడం ఎలాగూ నెమ్మదిస్తుంది. ఉబ్బరం వస్తుంది, గ్యాస్ బిళ్ల కొంటారు, నడక పోతుంది. లెవోడోపా మొదట్లో వికారం తెప్పిస్తుంది, దానికి మెటోక్లోప్రమైడ్ వేస్తారు, అదీ ఇదే పని చేస్తుంది. తూలుతున్నారని తల తిరుగుడు మాత్ర ఇస్తారు, అందులో చాలాసార్లు సినరిజైనో ప్రోక్లోర్‌పెరజైనో ఉంటుంది. తలనొప్పికి వాడే ఫ్లునరిజైన్‌ది కూడా అదే గుంపు.

అందుకే "ఏ మందులు వాడుతున్నారు?" అని అడగడం మానేశాను. గ్యాస్‌కి ఏమి వేస్తారు, వాంతికి ఏమి, తల తిరిగితే ఏమి, నిద్రకు ఏమి అని విడివిడిగా అడుగుతాను. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్‌నూ, ఇంగువ డబ్బా పక్కనున్న దాన్ని కూడా, సంచిలో వేసి తెమ్మంటాను. పెద్దక్షరాల పేరు వదిలేసి, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి, వెనుకనున్న చిన్నక్షరాలు చదవండి. దూలగొండి పొడి వాడుతుంటే దాన్నీ సంచిలో వేయండి, అందులో నిజంగానే లెవోడోపా ఉంటుంది కనుక అదీ లెక్కలోకి రావాలి.

దొరికితే ఆ స్ట్రిప్ పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి. మెదడులోకి పెద్దగా వెళ్లని డొంపెరిడోన్ లాంటివి ఉన్నాయి, అయితే దానికి గుండె లయ సంగతి చూసుకోవాలి, కాబట్టి షాపులో అడిగి మార్చుకునే పని కాదు. భ్రమలకో మానసిక సమస్యకో ఇచ్చిన హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఓలాంజపైన్ వంటివి సంచిలో కనిపిస్తే మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి.

మాస్టారికి డాక్టరు ఆ క్యాప్సూల్ ఆపించారు. మూడో వారానికి పెదవి అదరడం తగ్గింది, గేటు దాకా రావడానికి మూడు నెలలు పట్టింది. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది, కొందరిలో పూర్తిగా తగ్గదు.

మిగతావి

రెండు రోజుల్లో ఉన్నట్టుండి నడక పోతే మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, మలబద్ధకం చూడండి. పడి తలకు దెబ్బ తగిలాక మందకొడిగా మారితే అదే రోజు స్కాన్ చేయించాలి. మొదటి ఏడాదిలోనే పదేపదే వెనక్కి పడిపోతూ, కళ్లు కిందికి దించలేకపోతుంటే, లేదా నడకతో పాటు మూత్రం మీద అదుపు, జ్ఞాపకం కూడా తగ్గుతుంటే, అది పార్కిన్సన్స్ కాకపోవచ్చు. ఇవి అరుదు, న్యూరాలజిస్టు తేలుస్తారు. మోకాలి అరుగుదల సంగతి చెప్పనక్కర్లేదు, నొప్పి ఎక్కడుందో మనిషే చూపిస్తారు.