పిల్ల కూచిపూడి అంటా ఉందా, అయితే అమ్మానాన్న పనులు ఇవీ

మన నెల్లూరులో ఎనిమిదో తొమ్మిదో చదివే పిలకాయలు డ్యాన్స్ మీద పడితే ఇంట్లో వచ్చే మొదటి మాట "టెన్త్ కానీలే, తర్వాత చూద్దాం". అట్టా ఆపొద్దు, పరీక్షలప్పుడు క్లాసులు తగ్గించండి చాలు. ఆట నేర్పేది గురువు, మన చేతిలో ఉండేది కాళ్లు, తిండి, డబ్బులు, టైము, అంతే.

చేర్చే ముందు ఒక సాయంత్రం పోయి క్లాసు చూడండి. చేరిన నెలకే పాటకి స్టెప్పులు నేర్పి స్టేజీ ఎక్కించే చోటైతే నేను చేర్చను. ఒకే అడవుని (మొదట్లో నేర్పే అడుగుల వరస) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో చేయించి, అరమండి (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) లేచిపోతే మళ్లీ కూర్చోబెట్టే వాళ్లని వెతకండి, పిల్లకి బోరు కొట్టినా సరే. ఫీజు భారమైతే ఊళ్లోనే ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది, ఆడ కనుక్కోండి. 10 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలకి సీసీఆర్‌టీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా ఉంది, వయసు దాటిపోయాక తెలిసి ఏం లాభం, ముందే అప్లై చెయ్యండి.

అసలు చూసుకోవాల్సింది నేల. మన ఇళ్లల్లో అంతా టైల్స్, గ్రానైట్, దాని మీద ఉత్త కాళ్లతో గంటసేపు తట్టితే మోకాలి కింద ముందెముక లాగేస్తది. యోగా మ్యాట్ వేస్తే కాలు మెలిపడుతుంది, దానికంటే రబ్బరు షీటు పరిచి పైన మందపాటి ప్లైవుడ్ కదలకుండా వెయ్యండి. లాగుడు నొప్పైతే కొన్నాళ్లు రెస్టు. అట్టా కాకుండా ఎముక మీద ఒక్కచోట వేలుపెట్టి నొక్కితే పిల్ల ఎగిరి పడుతుంటే, రాత్రుళ్లు కూడా నొస్తుంటే ఎముకల డాక్టరు దగ్గరికి పోవాల్సిందే, ఎల్లుండి ప్రోగ్రాం ఉన్నా సరే.

తిండికొస్తే క్లాసుకి గంటన్నర ముందు రెండు ఇడ్లీలో అరటిపండో చాలు, చేపల పులుసు అన్నం తిని పోతే అరమండిలో కూర్చున్నప్పుడు తెలుస్తది. మే నెల ఎండల్లో ఉప్పేసిన మజ్జిగ సీసాలో పొయ్యండి. "లావయ్యావే" అనే మాట మాత్రం ఎవురూ అనకూడదు, తిండి మానేసి నెలసరి ఆగిపోతే డాక్టరుకి చూపించండి.

రికార్డు సర్టిఫికెట్ ఇస్తాం, వందలమంది కలిసి ఆడాలి, తలకింత కట్టండి అని వాట్సాప్‌లో వస్తా ఉంటాయి. నాకైతే అవి దండగ అనిపిస్తది, ఆ డబ్బుతో మంచి గజ్జెలు కొనుక్కోవచ్చు.

ప్రోగ్రాం ముందురోజు అద్దెకి తెచ్చిన డ్రెస్సు తొడిగి అరమండిలో కూర్చోమనండి, ముందు కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకోకపోతే బిగుతని అర్థం, షాపు వాళ్లకి అప్పుడే చెప్పి మార్పించండి. పిన్నీసులు లెక్కకి మించి పెట్టుకోండి. తాళం తప్పిందని ఇంటికొచ్చేదాకా బండి మీద పాఠం చెప్పొద్దు, అది పిల్లకి మనకన్నా ముందే తెలుసు. చూడ్డానికొచ్చిన మేనత్తల్ని, పిన్నుల్ని ఫొటోల కోసం గ్రీన్‌రూంలోకి రానియ్యకుండా తలుపు దగ్గర నిలబడండి, వాళ్లు అలిగినా పర్లేదు.